చదువులో, యూనివర్సిటీ ఉద్యోగాల్లో జాతి, లింగ వివక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి మైకు పట్టుకుని ఎవరూ అడగని ప్రశ్నలు. సభ అయిపోయి కుర్చీలు సర్దుతున్నప్పుడు ఒకరిద్దరు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. కొందరు తెలుసుకోవాలని అడుగుతారు, కొందరు పోట్లాడాలని. ఇద్దరికీ జవాబు ఒకటే కాబట్టి రాసి పెడుతున్నాను.

ఇక్కడ జాతి అంటే ఏ అర్థంలో?

తెలుగులో 'జాతి' అనే మాట చాలా పనులు చేస్తుంది. జాతీయ గీతంలో జాతి వేరు, మానవజాతిలో జాతి వేరు. ఈ పేజీలో మాత్రం ఒంటి రంగును, పూర్వీకుల మూలాన్ని బట్టి మనుషుల్ని నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఆసియావాళ్ళు అని విడదీసే అర్థంలోనే వాడుతున్నాను. ఇంగ్లీషులో రేస్ అంటారే, అది. జీవశాస్త్రం ఈ విభజనను పెద్దగా ఒప్పుకోదు. ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ తీసుకున్నా దాదాపు 99.9 శాతం ఒకటే. మిగిలిన ఆ కాస్త తేడాలోనూ ఎక్కువ భాగం ఒకే జాతి అనుకునే గుంపు లోపలే కనిపిస్తుంది. అయినా సీటు ఇచ్చేవాళ్ళు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు దాన్ని నమ్మి నడుచుకున్నంత కాలం దానివల్ల జరిగే నష్టం నిజమైనదే. కులం సంగతి ఇందులో కలపలేదు. అది దానికదే పెద్ద విషయం.

ఇప్పుడు ఎవరినీ ఎవరూ ఆపడం లేదు కదా? ఇదంతా పాత కథ కాదా?

ఎంత పాతదో ఒకసారి చూద్దాం. కేంబ్రిడ్జిలో ఆడవాళ్ళ కోసం గిర్టన్ కాలేజీ 1869లో మొదలైంది. అక్కడి అమ్మాయిలు పరీక్షలు రాసి పాసయ్యేవారు, కానీ పూర్తిస్థాయి డిగ్రీ కోసం 1948 దాకా ఆగాల్సి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ 1920లోనే ఇచ్చింది. అమెరికాలో ప్రిన్స్‌టన్, యేల్ డిగ్రీ కోర్సుల్లోకి అమ్మాయిల్ని తీసుకున్నది 1969లో, అంటే చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన ఏడాది. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేర్వేరు ప్రభుత్వ బడులు నడపడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది 1954లో. దక్షిణాఫ్రికా సరిగ్గా అప్పుడే ఎదురుదారి పట్టింది. 1953లో బంటూ విద్యా చట్టం తెచ్చి నల్లపిల్లలకు వేరే చదువు, తక్కువ చదువు అని రాతపూర్వకంగానే పెట్టింది. 1959లో యూనివర్సిటీలనూ జాతుల వారీగా విడగొట్టింది. ఆ బడుల్లో చదివిన పిల్లలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇది తాతముత్తాతల నాటి సంగతేమీ కాదు.

పూర్తిగా ముగిసిందా అంటే అదీ లేదు. టోక్యో మెడికల్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో అమ్మాయిల మార్కుల్ని లోపల్లోపల తగ్గిస్తోందని 2018లో బయటపడింది. పెళ్ళి, పిల్లలు అంటూ డాక్టర్ ఉద్యోగం మానేస్తారన్నది వాళ్ళ లెక్క. ఏళ్ళ తరబడి అలా నడిచింది. కొన్ని మార్కుల తేడాతో ఫెయిలయ్యామని ఇంటికెళ్ళి ఏడ్చిన అమ్మాయిల్లో కొందరు నిజానికి పాసయ్యారు. ఇక అఫ్ఘానిస్తాన్‌లో 2021 నుంచి అమ్మాయిలకు హైస్కూల్ లేదు, 2022 డిసెంబరు నుంచి యూనివర్సిటీ లేదు.

మిగతా ప్రపంచంలో చాలాచోట్ల నిషేధం రాతలోంచి పోయింది, నిజమే. కానీ మనుషుల్ని అంచనా వేసే తీరులో అది మిగిలింది. ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే.

కాలేజీల్లో ఇప్పుడు అమ్మాయిలే ఎక్కువ కదా?

అవును. ప్రపంచం మొత్తం మీద లెక్కేస్తే పై చదువుల్లో అమ్మాయిల సంఖ్య అబ్బాయిల్ని దాటి చాలా ఏళ్ళయింది. కానీ యునెస్కో లెక్కల్లో పరిశోధకులుగా పనిచేస్తున్నవాళ్ళలో ఆడవాళ్ళు మూడోవంతే. మెట్టు మెట్టుకీ తగ్గుతూ పోతారు. పీహెచ్‌డీలో కనిపించినంతమంది ఫుల్ ప్రొఫెసర్లలో కనిపించరు.

దీన్ని కారే గొట్టంతో పోలుస్తుంటారు. నాకు ఆ పోలిక అంతగా నచ్చదు. గొట్టంలోంచి నీళ్ళు వాటంతటవే కారిపోతాయి, ఎవరి తప్పూ ఉండదు. ఇక్కడ ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు కూర్చుని సంతకం పెడుతున్నారు.

మరి అబ్బాయిలు వెనకబడితే అది వివక్ష కాదా?

అది కూడా పట్టించుకోవాల్సిన అసమానతే. చాలా దేశాల్లో చదవడం, రాయడంలో అబ్బాయిలు వెనకబడుతున్నారు, చాలాచోట్ల బడి మానేసేవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. ఒకటి మాట్లాడితే రెండోది కొట్టేసినట్టు కాదు.

ఒకే అప్లికేషన్ మీద పేరు మారిస్తే తేడా వస్తుందా?

ఇది ఊహించి చెప్పక్కర్లేదు, చేసి చూశారు. 2012లో అమెరికాలో 127 మంది సైన్స్ ప్రొఫెసర్లకు ల్యాబ్ మేనేజర్ ఉద్యోగం కోసం ఒక అప్లికేషన్ పంపారు. అందరికీ వెళ్ళిన కాగితం ఒకటే. సగం కాగితాల మీద పేరు జాన్, సగం మీద జెన్నిఫర్. జాన్‌కి సమర్థతలో మార్కులు ఎక్కువ పడ్డాయి. సగటున ఏడాదికి 30,238 డాలర్ల జీతం ఇవ్వొచ్చన్నారు. జెన్నిఫర్‌కి 26,508 చాలన్నారు. అలా అన్నవాళ్ళలో మగ ప్రొఫెసర్లూ ఉన్నారు, ఆడ ప్రొఫెసర్లూ ఉన్నారు. తేడా ఏమీ లేదు.

ఇంకో ప్రయోగంలో 259 యూనివర్సిటీల్లో 6,500 మందికి పైగా ప్రొఫెసర్లకు ఒక ఈమెయిల్ వెళ్ళింది. "మీ దగ్గర పీహెచ్‌డీ చేయాలనుంది, పది నిమిషాలు మాట్లాడొచ్చా" అని నాలుగు మాటలు. కింద పేరు మాత్రం మారుతూ ఉంటుంది: తెల్లవాళ్ళ పేరు, నల్లవాళ్ళ పేరు, లాటిన్ అమెరికా పేరు, చైనా పేరు, భారతీయ పేరు, మగ, ఆడ. తెల్ల మగపేరుకి జవాబులు ఎక్కువ వచ్చాయి. చైనా, భారతీయ పేర్లకు బాగా దెబ్బ పడింది. చదువుల్లో ఆసియావాళ్ళకు ఎదురే లేదని అనుకునేవాళ్ళు ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగాలి. ఈ పరీక్షలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. జవాబివ్వడం మర్చిపోయారు, అంతే. ఆ ఈమెయిల్ పంపిన పిల్లకు అది వివక్ష అని ఎప్పటికీ తెలియదు. "సార్ బిజీగా ఉన్నారేమో" అనుకుంటుంది.

ఫలితాలన్నీ ఒకే వైపు లేవు, అదీ చెప్పాలి. 2015లో వచ్చిన మరో పరిశోధనలో అమెరికా సైన్స్ ప్రొఫెసర్లకు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు కోసం సమానమైన ఊహా అభ్యర్థుల్ని చూపిస్తే, ఒకటికి రెండు నిష్పత్తిలో ఆడ అభ్యర్థివైపే మొగ్గారు. అభ్యర్థి అద్భుతంగా ఉన్నప్పుడు ఒకలా, అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ఇంకోలా ప్రవర్తిస్తారేమో అన్నది ఒక వివరణ. నా అనుభవానికి అది సరిపోతుంది. నూటికి తొంభై మార్కుల మనిషి గురించి కమిటీలో గొడవ రాదు. అరవై అయిదు మార్కుల మనిషి దగ్గరే "కుర్రాడిలో స్పార్క్ ఉంది" అనే మాట వినిపిస్తుంది.

నాకు అలాంటి ఆలోచనలే లేవు. నేనూ చేస్తున్నానంటారా?

నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. ఒకసారి కంప్యూటర్ మారుస్తూ, పాత ఫోల్డర్‌లో నేను స్టూడెంట్లకు రాసిచ్చిన సిఫార్సు లేఖలు కనిపించాయి. వరసగా కూర్చుని చదివాను. అబ్బాయిల లేఖల్లో "స్వతంత్రంగా ఆలోచిస్తాడు", "అసాధారణమైన ప్రతిభ". అమ్మాయిల లేఖల్లో "ఎంతో శ్రద్ధగా పనిచేస్తుంది", "అందరితో కలిసిపోతుంది", "నమ్మకంగా పని అప్పగించవచ్చు". ఒక అమ్మాయికైతే, "కుటుంబ బాధ్యతలు ఉన్నా" అని మొదలుపెట్టి పొగిడాను. మెచ్చుకుంటున్నానన్న ఉద్దేశంతోనే రాశాను. చదివే కమిటీకి మాత్రం అక్కడ తెలిసింది ఒక్కటే, ఆవిడకు కుటుంబ బాధ్యతలు ఉన్నాయని. ఆ ఏడాది అబ్బాయిల్లో ఇద్దరికి పిల్లలున్నారు. వాళ్ళ లేఖల్లో ఆ మాట ఎక్కడా లేదు.

చెడ్డ ఉద్దేశం ఉంటేనే చెడు జరుగుతుందని అనుకోవడం వల్ల ఈ విషయం ముందుకు సాగదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఎవరు తిన్నారని మనుషుల మొహాలు చూస్తూ కూర్చోవడం కన్నా బుట్టలో ఎన్ని పోయాయో లెక్కపెట్టడం ఉపయోగం.

లెక్కపెట్టడం అంటే?

అక్షరాలా కొలవడమే. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో నాన్సీ హాప్కిన్స్ అనే జీవశాస్త్రవేత్త జీబ్రాఫిష్ అనే చేపల మీద పరిశోధన మొదలుపెట్టారు. చేపల తొట్టెలకు ఇంకో 200 చదరపు అడుగుల చోటు కావాలని అడిగారు. మీకున్న చోటు తక్కువేం కాదన్నారు. ఆవిడ టేపు తీసుకుని, అందరూ ఇళ్ళకు వెళ్ళాక భవనంలోని ల్యాబులన్నీ ఒక్కొక్కటిగా కొలిచారు. తన స్థాయి మగ ప్రొఫెసర్లకే కాదు, తనకన్నా జూనియర్లకు కూడా ఎక్కువ చోటుందని తేలింది. అప్పటికి అక్కడి సైన్స్ విభాగాల్లో పర్మనెంట్ అయిన మగ ప్రొఫెసర్లు 194 మంది, ఆడవాళ్ళు 15 మంది. ఆవిడ ఒక ఉత్తరం రాసి, పంపేముందు భయంభయంగా తోటి మహిళా ప్రొఫెసర్‌కు చూపిస్తే ఆవిడ నేనూ సంతకం పెడతానన్నారు. 1994లో ఇలా తోటి మహిళా ప్రొఫెసర్లు కలిసి పెద్దల దగ్గరకు వెళ్ళారు. జీతం, చోటు, అవార్డులు, పదవులు అన్నిటిలో తేడాలున్నాయని 1999లో సంస్థే రిపోర్టు బయటపెట్టి ఒప్పుకుంది. అప్పటిదాకా వాళ్ళలో చాలామంది లోపం తమలోనే ఉందేమో అనుకుంటూ వచ్చారు.

స్వీడన్‌లో ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు, క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్, తమకు వైద్య పరిశోధన ఫెలోషిప్ ఎందుకు రాలేదో తెలుసుకోవాలనుకున్నారు. మార్కుల కాగితాలు రహస్యమన్నారు. సమాచారం పొందే చట్టం పట్టుకుని కోర్టు దాకా వెళ్ళి తెచ్చుకున్నారు. 1997లో నేచర్ పత్రికలో వేసిన లెక్క ప్రకారం, మగ అభ్యర్థితో సమానమైన మార్కు రావాలంటే ఆడ అభ్యర్థి రెండున్నర రెట్లు ఎక్కువ పని చూపించాలి. సమానత్వానికి మారుపేరని చెప్పుకునే దేశంలో ఈ పరిస్థితి. కమిటీలో తెలిసినవాళ్ళుంటే అది కూడా మార్కులు పెంచిందని అదే లెక్కలో తేలింది, కానీ ఆ సగం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

జాతి విషయంలోనూ ఇలాంటి లెక్కే 2011లో వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఇచ్చే ప్రధాన పరిశోధన గ్రాంట్లలో, చదువు, శిక్షణ, పాత పేపర్లు, అవార్డులు అన్నీ సమానం చేసి చూసినా నల్లజాతి శాస్త్రవేత్తలకు గ్రాంటు వచ్చే అవకాశం తెల్లవాళ్ళకన్నా పది శాతం పాయింట్లు తక్కువ. తర్వాత తవ్వితే, వాళ్ళు ఎక్కువగా ఎంచుకునే విషయాలకు, అంటే సమాజంలో ఆరోగ్య అసమానతల వంటి వాటికి, డబ్బు తక్కువ ఇస్తారని తేలింది. తేడాలో కొంత భాగం అక్కడుంది. మనిషిని కాదని అనరు, ఆ ప్రశ్న ముఖ్యం కాదంటారు.

పరిశోధనలో పేరు ఎవరికి వస్తుంది?

సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత దీనికోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. భౌతికశాస్త్రవేత్త లీజ మైట్నర్ 1907లో బెర్లిన్ వచ్చినప్పుడు అక్కడి రసాయన సంస్థలోకి ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. నేలమాళిగలో పాత వడ్రంగి గదిలో పనిచేయమన్నారు. టాయిలెట్ కోసం వీధిలో ఉన్న హోటల్‌కు వెళ్ళాలి. ముప్ఫై ఏళ్ళు పనిచేశాక, యూదు మూలం వల్ల 1938లో నాజీల నుంచి తప్పించుకుని దేశం వదిలిపోయారు. అణు విచ్ఛిత్తికి 1944 నోబెల్ ఆవిడ సహచరుడు ఓటో హాన్‌కు ఒక్కడికే ఇచ్చారు. ఆడమనిషి, యూదు, శరణార్థి. ఈ మూడింటిలో ఏది ఎంత పని చేసిందో విడదీయడం కష్టం.

గణిత శాస్త్రవేత్త ఎమీ నోయెథర్ జర్మనీలోని గటింగెన్ యూనివర్సిటీలో కొన్నేళ్ళు అక్కడి లెక్కల ప్రొఫెసర్ డేవిడ్ హిల్బర్ట్ పేరు మీద క్లాసులు చెప్పారు, ఆవిడ పేరుతో చెప్పనివ్వలేదు కాబట్టి. జోసెలిన్ బెల్ బర్నెల్ 1967లో స్టూడెంట్‌గా ఉండగా పల్సార్ల, అంటే క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రాల, సంకేతాన్ని పట్టుకున్నారు. 1974 నోబెల్ ఆవిడ గైడుకు వెళ్ళింది. 2018లో మరో బహుమతిగా ముప్ఫై లక్షల డాలర్లు వస్తే, ఫిజిక్స్‌లో తక్కువగా కనిపించే వర్గాల పిల్లల పీహెచ్‌డీ స్కాలర్‌షిప్పులకు మొత్తం ఇచ్చేశారు.

ఆడవాళ్ళ పని పక్కనున్న మగవాళ్ళ ఖాతాలో పడటాన్ని చరిత్రకారిణి మార్గరెట్ రాసిటర్ 1993లో మటిల్డా ప్రభావం అన్నారు. ఇది చరిత్రతో ఆగలేదు. ఆర్థికశాస్త్రంలో ఇప్పటి పర్మనెంట్ పోస్టుల లెక్కలు తీస్తే, మగవాళ్ళతో కలిసి పేపర్ రాసిన ఆడవాళ్ళకు దాని ఫలితం తక్కువ దక్కుతోందని తేలింది. కలిసి రాసినా మగవాళ్ళకు మాత్రం ఏ నష్టమూ లేదు.

నల్లజాతి మహిళ అయితే రెండు కష్టాలు కలిపితే సరిపోతుందా?

కూడిక కాదు. అమెరికాలో ఒక కేసులో ఐదుగురు నల్లజాతి మహిళలు వివక్ష అని కోర్టుకెళ్ళారు. కంపెనీలో ఆడవాళ్ళున్నారు కదా అంది కోర్టు. ఉన్నవాళ్ళు ఆఫీసు పనిలో తెల్లవాళ్ళు. నల్లవాళ్ళున్నారు కదా అంది. ఉన్నవాళ్ళు ఫ్యాక్టరీలో మగవాళ్ళు. రెండూ అయినవాళ్ళకు చట్టంలో చోటే లేకపోయింది. న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్‌షా 1989లో ఈ కేసు దగ్గర్నుంచే ఇంటర్‌సెక్షనాలిటీ అన్న ఆలోచన చెప్పారు. యూనివర్సిటీలూ అంతే. ఆడవాళ్ళ లెక్క ఒక పట్టికలో, జాతి లెక్క ఒక పట్టికలో వేస్తారు. రెండూ కలిసే గడిలో సున్నా ఉందన్న సంగతి రెండు పట్టికల్లోనూ కనిపించదు.

పిల్లలు పుడితే ఆడవాళ్ళే వెనకబడతారు. అది ప్రకృతి కదా?

పిల్లల్ని కనడం ప్రకృతి. పర్మనెంట్ కావడానికి ఆరేడేళ్ళ గడువు పెట్టి, అది సరిగ్గా ముప్ఫైల్లో పడేలా చూడటం ప్రకృతి కాదు. సరిచేయబోయి బోల్తాపడిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో చాలా యూనివర్సిటీలు, బిడ్డ పుడితే తల్లికీ తండ్రికీ సమానంగా ఏడాది గడువు పొడిగించాయి. పైకి ఎంత న్యాయంగా ఉంది! పేరున్న 50 ఆర్థికశాస్త్ర విభాగాల లెక్కలు చూస్తే, ఈ రూలు వచ్చాక మగవాళ్ళు పర్మనెంట్ కావడం పెరిగింది, ఆడవాళ్ళు కావడం తగ్గింది. తండ్రులకు ఆ ఏడాది అదనంగా పేపర్లు రాసుకునే సమయమైంది. తల్లులకు అది నిద్రలేని ఏడాది.

లెక్కలు, ఫిజిక్స్ అంటే అమ్మాయిలకు సహజంగానే ఆసక్తి తక్కువ కదా?

2017లో వచ్చిన ఒక పరిశోధనలో పిల్లలకు "చాలా చాలా తెలివైన" మనిషి కథ చెప్పి, ఆ మనిషి ఈ బొమ్మల్లో ఎవరై ఉంటారని అడిగారు. ఐదేళ్ళ అమ్మాయిలు ఆడబొమ్మల్నే చూపించారు, అబ్బాయిలు మగబొమ్మల్ని. ఆరేడేళ్ళు వచ్చేసరికి అమ్మాయిల వేలు మగబొమ్మల వైపు జరగడం మొదలైంది. బడిలో మార్కులు ఎవరికి ఎక్కువ వస్తాయంటే మాత్రం అమ్మాయిలకే అని ఆ అమ్మాయిలే చెప్పారు. "కష్టపడి మార్కులు తెచ్చుకుంటుంది, వాడు పుట్టుకతోనే తెలివైనవాడు" అన్న మాట ఎక్కడ నేర్చుకున్నారో మనకు తెలుసు.

ఒక జాగ్రత్త. పరీక్షకు ముందు "ఆడవాళ్ళకు లెక్కలు రావు" అని గుర్తుచేస్తే మార్కులు తగ్గుతాయని ఒక సిద్ధాంతం బాగా ప్రచారమైంది. తర్వాత పెద్ద ఎత్తున మళ్ళీ చేసి చూసినప్పుడు ఆ ప్రభావం చాలాచోట్ల కనిపించలేదు. అందుకని దాని మీద బరువు వేయడం లేదు.

కోటాల వల్ల ప్రతిభ దెబ్బతినదా?

ముందు, కోటా లేనిచోట అంతా ప్రతిభే అన్న నమ్మకాన్ని కాస్త పరీక్షిద్దాం. సీట్లివ్వడంలో జాతిని చూస్తోందని హార్వర్డ్ మీద కేసు నడిచినప్పుడు బయటికొచ్చిన లెక్కల్లో, తల్లో తండ్రో అక్కడ చదివిన పిల్లలకు సీటు వచ్చే రేటు దాదాపు 33 శాతం. మిగతావాళ్ళకు 6 శాతం. దాన్ని ఎవరూ కోటా అనలేదు, వారసత్వం అన్నారు. అదే కేసులో 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతిని చూసి సీట్లివ్వడాన్ని కొట్టేసింది. వారసత్వం జోలికి పోలేదు, అది అక్కడ అడిగిన ప్రశ్న కాదు కాబట్టి.

బ్రెజిల్ ఇంకో దారి పట్టింది. 2012 చట్టంతో కేంద్ర యూనివర్సిటీల్లో సగం సీట్లు ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు కేటాయించి, అందులో ఆదాయాన్నీ, ఆయా రాష్ట్రాల జనాభాలో జాతుల వాటానూ లెక్కలోకి తీసుకుంది. అంతకుముందు అక్కడ మంచి ప్రైవేటు బడిలో చదివితేనే ఉచిత ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు వచ్చేది. అంటే డబ్బున్నవాళ్ళ పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో చదువు. కోటాతో ఇబ్బందులు లేవని కాదు. ఎవరు నల్లవాళ్ళో తేల్చడానికి మొహం చూసే కమిటీలు పెట్టుకోవాల్సి రావడం ఎవరికీ సుఖమైన విషయం కాదు.

ట్రైనింగ్ ఇస్తే మనుషులు మారతారా?

ఒకపూట స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ ఇచ్చే ట్రైనింగులతో నియామకాలు మారాయనడానికి గట్టి ఆధారం లేదు. నేను రెండు చేశాను. రెండోదాంట్లో నిద్ర వచ్చింది.

పద్ధతి మారిస్తే మాత్రం ఫలితం మారిన దాఖలా ఉంది. హబుల్ టెలిస్కోప్ వాడుకునే సమయం కోసం ప్రతి ఏటా ఖగోళ శాస్త్రవేత్తలు దరఖాస్తు పెడతారు. ఏళ్ళ తరబడి మగవాళ్ళు నాయకత్వం వహించిన ప్రతిపాదనలకే ఎక్కువ శాతం ఆమోదం దొరికేది. 2018లో దరఖాస్తుల మీంచి పేర్లు తీసేశారు. ఆ విడతలో ఆడవాళ్ళ ప్రతిపాదనలు 8.7 శాతం, మగవాళ్ళవి 8 శాతం నెగ్గాయి. కమిటీ గదిలో మాటలు కూడా మారాయట. "వీళ్ళు చేయగలరా" అనే చర్చ తగ్గి "ఇది చేయదగ్గదేనా" అనే చర్చ పెరిగింది. అన్నిచోట్లా పేర్లు దాచలేం. ఇంటర్వ్యూలో మనిషి ఎదురుగానే కూర్చుంటారు. అలాంటప్పుడు ఏ గుణానికి ఎన్ని మార్కులో అప్లికేషన్లు తెరవకముందే రాసుకోవడం మంచిది. లేకపోతే మనకు నచ్చిన అభ్యర్థికి ఏముంటే అదే ముఖ్యమైన గుణమైపోతుంది.

మా డిపార్ట్‌మెంట్లో అంతా బాగానే ఉంది. ఇంకా ఏం చూడాలి?

గత మూడేళ్ళ మీటింగుల మినిట్స్ తీసి, మినిట్స్ రాసింది ఎవరో చూడండి. ఫ్రెషర్స్ డే ఎవరి నెత్తిన పడింది, స్టూడెంట్లు ఏడుస్తూ ఎవరి గదికి వెళ్ళారు, వైవిధ్యం మీద కమిటీ వేసినప్పుడల్లా అదే ఒక్క నల్లజాతి లెక్చరర్‌ను ఎన్నిసార్లు వేశారు. ఆ గంటలన్నీ కూడండి. ప్రమోషన్ ఫారంలో వాటికి గడి ఉందో లేదో చూడండి. తర్వాత ల్యాబ్ గదుల కొలతలు. టేపు స్టోర్ రూమ్‌లో దొరుకుతుంది.